కనగల్ దాటని బుల్లెట్: 6 వోల్టుల ఇగ్నిషన్ మీద ఒక కేస్ స్టడీ

బండి 1970ల నాటి బుల్లెట్ 350. బ్యాటరీ 6 వోల్టులది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. సిలిండర్ వెనుక కుడిపక్కన పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లంటే కాయిల్‌కు పోయే కరెంటును కలిపి, విడదీసే కాంటాక్టులు), హెడ్‌లైట్ కేసింగ్ మీద కరెంటు ఎంత పోతోందో చూపే అమ్మీటర్. యజమాని నల్లగొండ జిల్లాలో గుర్రంపోడు వైపు ఒక ఊళ్లో బత్తాయి తోట చేసే పెద్దాయన. నల్లగొండ నుంచి అటు పోయే దేవరకొండ రోడ్డు మీదే కనగల్ తగులుతుంది. బండి వాళ్ల నాయన కొన్నది. ఫిర్యాదును ఆయన మాటల్లోనే జాబ్ కార్డు మీద రాసుకున్నాను.

"పొద్దున ఊర్లకెళ్లి వచ్చేటప్పుడు మంచిగనే వస్తది బిడ్డా. మధ్యాహ్నం నల్లగొండలకెళ్లి బయల్దేరితె కనగల్ దాటనియ్యదు. దగ్గుకుంట దగ్గుకుంట ఆగుతది. చెట్టు కింద అరగంట పెడితె మళ్ల ఒక్క కిక్కుకే లేస్తది. రాత్రి లైటేస్తె ఇంక జల్దిన ఆగుతది."

ఫిర్యాదు ఇంత స్పష్టంగా చెప్పే కస్టమర్ దొరకడం అదృష్టం. నేను యజమానిని తొందరపెట్టకుండా మాట్లాడనిచ్చేది ఇందుకే. పొద్దున వచ్చిన దూరమే మధ్యాహ్నం పోలేకపోతోంది అంటే తేడా ఎండలో, ఇంజిన్ వేడిలో ఉంది. అరగంట ఆగితే లేస్తోంది అంటే తెగిపోయింది ఏదీ లేదు, వేడికి మారిపోయి చల్లారితే మామూలయ్యేది ఏదో ఉంది. లైటు వేస్తే తొందరగా ఆగుతోంది అన్న మాట అన్నిటికంటే విలువైనది. పెట్రోలుకు హెడ్‌లైటుతో పని లేదు. లైటుకు, ఇంజిన్‌కు మధ్య ఉన్న చుట్టరికం కరెంటు ఒక్కటే.

అయినా పెట్రోలు వైపు చూడకుండా వదలలేదు. ట్యాంకు మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి: పది పన్నెండు కిలోమీటర్లు పోయాక ఆగుతుంది, కాసేపు నిలిపితే మళ్లీ లేస్తుంది. మూత తీసి రంధ్రంలో సన్నటి తీగ పెట్టి చూశాను, బాగానే ఉంది. కాక్ విప్పితే పెట్రోలు ధార కట్టి పడుతోంది. ఆ సంగతి అంతటితో అయిపోయింది.

అప్పటికే మార్చినవి

నా దగ్గరికి వచ్చేసరికి బండికి కొత్త ప్లగ్గు, కొత్త పాయింట్లు, కొత్త కండెన్సర్, కొత్త కాయిల్ వేసి ఉన్నాయి. కార్బరేటర్ కూడా కడిగించారట. ఎవరు చేశారన్నది ఇక్కడ అనవసరం. చేసిన పద్ధతి మాత్రం మన వైపు చాలా షెడ్లలో ఉన్నదే: ఒక్కో సామాను మార్చుకుంటూ పోవడం, ఎక్కడో ఒక దగ్గర బండి బాగైతే చివరగా మార్చిన సామానే పాడైందనుకోవడం. 12 వోల్టుల బండ్లలో ఈ పద్ధతి చాలాసార్లు నడిచిపోతుంది. 6 వోల్టుల దాంట్లో నడవదు. ఇక్కడ ఒక్క వోల్టు దారిలో పోయిందంటే ఆరోవంతు పోయినట్టే. ఎక్కడో ఒక సామాను పూర్తిగా చచ్చిపోవడం ఈ బండ్లలో తక్కువ. నాలుగు చోట్ల కొంచెం కొంచెం పోయి, అన్నీ కలిసి బండిని ఆపుతాయి. కాబట్టి ఈ బండి మీద కొలవకుండా ఒక్క సామాను కూడా మార్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కేసును ఇంత వివరంగా రాయడం కూడా అందుకే.

కరెంటు దారి సులభమైనదే. బ్యాటరీ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి అమ్మీటర్, తర్వాత ఇగ్నిషన్ స్విచ్, కాయిల్, పాయింట్లు, చివరికి ఎర్త్, అంటే బండి ఒంటి గుండా బ్యాటరీకి తిరుగు దారి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు కాయిల్ ప్రైమరీలో, అంటే బ్యాటరీ కరెంటు పారే చుట్టలో, కరెంటు పెరిగి అయస్కాంత శక్తి నిండుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కరెంటు ఠక్కున ఆగాలి. అది పాయింట్ల మధ్య మంటగా దూకకుండా కండెన్సర్ తనలోకి తీసుకుంటుంది. అలా ఠక్కున ఆగినప్పుడే ప్రైమరీలో రెండు మూడు వందల వోల్టులు, ప్లగ్గుకు పోయే సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ వస్తుంది. కాయిల్ నిండకపోయినా, కరెంటు ఠక్కున ఆగకపోయినా రవ్వ పలచబడుతుంది. ఈ బండిలో రెండూ జరుగుతున్నాయి.

అమ్మీటర్ ముల్లు

పాత బుల్లెట్‌లో కంపెనీయే పెట్టి ఇచ్చిన మీటరు అమ్మీటర్. దాన్ని స్టార్ట్ చేసేటప్పుడు తప్ప ఎవరూ చూడరు. తాళం వేసి, అంటే ఇగ్నిషన్ స్విచ్ ఆన్ చేసి, కిక్కు మెల్లగా తొక్కితే, పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు మూడు నాలుగు యాంపియర్లు వాలాలి, విడిపోగానే సున్నా మీదికి రావాలి. డీకంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడిని వదిలే మీట) పట్టుకుని ముల్లు సున్నాకు వచ్చేదాకా నొక్కి, అప్పుడు పూర్తి కిక్కు కొట్టాలని పాతవాళ్లు నేర్పింది దీని ఆధారంగానే. ఈ బండిలో ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఒకటిన్నర యాంపియర్లు ఉంటుందేమో.

అంటే దారిలో ఎక్కడో అడ్డు ఉంది, లేదా కాయిలే తక్కువ తాగుతోంది. కాయిల్ వైర్లు విప్పి మీటరుతో ప్రైమరీ కొలిచాను. 3.3 ఓమ్స్ వచ్చింది. 6 వోల్టుల కాయిల్ ప్రైమరీ ఒకటిన్నర, రెండు ఓమ్స్ మధ్య ఉండాలి. మూడు దాటిందంటే అది 12 వోల్టుల కాయిల్. డబ్బా మీద రాత ఏమీ లేదు, రూపం అదే, బిగించే పట్టీ అదే. చూస్తే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. 6 వోల్టుల మీద దానికి పోయే కరెంటు అవసరంలో సగం. చల్లటి ఇంజిన్‌లో, కొత్త ప్లగ్గుతో ఆ సగం సరిపోతుంది కాబట్టి పొద్దున బండి బాగానే లేస్తోంది.

"కాకా, పాత కాయిల్ ఏం చేసినవ్?" అని అడిగాను.

"పారేస్తనా బిడ్డా? మా నాయన బండి సామాను ఒక్కటి బయట పడెయ్యలె. ఇంట్ల రేకు డబ్బల ఉన్నది."

మరునాడు తెచ్చిచ్చాడు. పైన మట్టి పట్టి ఉంది, లోపల బంగారం. ప్రైమరీ 1.7 ఓమ్స్, సెకండరీ తెగలేదు. బెంచీ మీద 6 వోల్టులు ఇచ్చి, కాయిల్ చెయ్యి కాలేంత వేడెక్కే దాకా పాయింట్లతో ఆడించాను. గాలిలో ఐదు మిల్లీమీటర్ల సందు దాటి రవ్వ నీలంగా పడుతూనే ఉంది. "కాలిపోయింది" అని తీసేసిన కాయిల్ ఇది. కాయిల్ చచ్చిందని చెప్పే ముందు దాన్ని వేడిచేసి చూడాలి. అంతకంటే ముందు దానికి అందాల్సిన వోల్టేజీ అందుతోందా లేదా చూడాలి.

పాత కాయిలే మళ్లీ బిగించాను.

దారిలో పోతున్న వోల్టులు

ముందు ఒక జాగ్రత్త. ఇలాంటి బండ్లలో బ్యాటరీ ఏ కొన ఎర్త్ అయి ఉందో చూడకుండా చెయ్యి పెట్టకూడదు. అప్పటి బ్రిటిష్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ మామూలు. మన దగ్గరికి వచ్చేసరికి నలుగురి చేతులు పడి కొన్ని నెగటివ్‌కు మారాయి. తారుమారుగా బిగిస్తే రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసి బ్యాటరీకి ఇచ్చేది) పోతుంది. ఈ బండి నెగటివ్ ఎర్త్‌కు మార్చి ఉంది. పాత రెక్టిఫైయర్ స్థానంలో ఎవరో సిలికాన్ డయోడ్ బ్రిడ్జి కూడా పెట్టారు. ఆ పని శుభ్రంగా చేశారు, దాన్ని కదపలేదు.

వోల్టేజీ డ్రాప్ కొలత కష్టమేమీ కాదు, కానీ లోడు మీద కొలవాలి. తాళం వేసి, పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజిన్ నిలిపి, కాయిల్‌లో కరెంటు పారుతుండగా మీటరు రెండు వైర్ల కొనలను దారిలో ఒక్కో సామానుకు అటూ ఇటూ ఆనించాలి. వైరు బాగుంటే మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. ఎంత చూపిస్తే అంత అక్కడ పోతున్నట్టు. పాయింట్లు విడి ఉన్నప్పుడు కొలిస్తే కరెంటే పారదు కాబట్టి అన్నిచోట్లా నిండు వోల్టులు కనిపిస్తాయి. "కాయిల్ దాకా కరెంటు వస్తుంది" అని బల్బు పెట్టి చెప్పేవాళ్లు ఇక్కడే మోసపోతారు. చిన్న టెస్ట్ బల్బు తాగే కరెంటు చాలా తక్కువ, పాడైన స్విచ్ గుండా కూడా అది వెలుగుతుంది. అలాగే కొలత అయ్యాక తాళం తీసెయ్యాలి. పాయింట్లు మూసి ఉండగా తాళం అలాగే వదిలేస్తే కాయిల్ కాగిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

బ్యాటరీ కొనల దగ్గర 6.1. కాయిల్ రెండు కొనల మధ్య 4.7. మిగిలిన 1.4 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఎక్కడెక్కడ అంటే: ఎవరో తర్వాత పెట్టిన గాజు ఫ్యూజు దగ్గర 0.1, అమ్మీటర్ నట్ల దగ్గర 0.2, ఇగ్నిషన్ స్విచ్‌లో 0.6, పాయింట్ల ముఖాల మధ్య 0.2, డిస్ట్రిబ్యూటర్ ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా ఎర్త్ దారిలో 0.3.

ఒక్కోటి చూస్తే చిన్నదే. కలిపి చూస్తే ఏమవుతుందో లెక్క కట్టాలి. కాయిల్ 1.7 ఓమ్స్, దానికి అందేది 4.7 వోల్టులు, అంటే సుమారు 2.8 యాంపియర్లు. దారి శుభ్రంగా ఉంటే మూడున్నర దాకా పోవాలి. కాయిల్‌లో నిండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 2.8ని 3.5తో భాగించి వర్గం చేస్తే 0.64. అంటే రవ్వకు అందాల్సిన శక్తిలో మూడోవంతుకు పైగా వైర్లలో, స్విచ్‌లో వేడిగా పోతోంది. లైటు వేస్తే సంగతి ఇంకా చెడుతుంది. ముందు బల్బు, వెనుక బల్బు కలిపి ఐదు యాంపియర్ల దాకా లాగుతాయి. ఆ కరెంటు కూడా అదే ఫ్యూజు, అదే అమ్మీటర్ గుండా పోవాలి. ఆ రెండు చోట్ల ఉన్న అడ్డు వల్లే ఇంకో అర వోల్టు తగ్గుతుంది. పెద్దాయన చెప్పిన "లైటేస్తె జల్దిన ఆగుతది" అన్న మాటకు లెక్క ఇక్కడ దొరికింది.

స్విచ్ విప్పితే ఇత్తడి కాంటాక్టులు నల్లబడి, మధ్యలో గాడి పడి ఉన్నాయి. కొత్త స్విచ్ వేయవచ్చు, కానీ ఇప్పుడు బజార్లో దొరికేవాటి ఇత్తడి పలచన, స్ప్రింగు మెత్తన. ఉన్నదాన్ని నున్నటి ఎమరీతో తీడి, పెట్రోలుతో కడిగి, స్ప్రింగును కాస్త సాగదీసి, కాంటాక్టుల మీద పలచగా వాజలీన్ రాసి బిగించాను. 0.6 కాస్తా 0.05కు వచ్చింది. అమ్మీటర్ నట్లు విప్పి, వైరు చివర్లు కత్తిరించి, కొత్త రింగు టెర్మినల్స్ వేసి సోల్డర్ పెట్టాను. ఫ్యూజు హోల్డర్ మార్చాను.

ఎర్త్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బండికి ఎప్పుడో రంగు కొట్టించారు. ఇంజిన్‌కు వెండి రంగు, ఫ్రేముకు మందమైన నల్ల రంగు. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ డిస్ట్రిబ్యూటర్ కూర్చునే చోట, బ్యాటరీ ఎర్త్ వైరు బిగించే బోల్టు కింద కూడా ఆ రంగే ఉంది. పాయింట్ల నుంచి బ్యాటరీకి తిరిగి రావాల్సిన కరెంటుకు ఈ రంగే గోడ. చేతులు మారి, రంగులు మారి వచ్చిన ప్రతి పాత బండిలో నేను మొదట వెతికేది దీన్నే. బోల్టు కింద లోహం తేలేదాకా గీకి, డిస్ట్రిబ్యూటర్ స్క్రూ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు మందమైన ఎర్త్ వైరు ఒకటి వేశాను. ఇంజిన్ నుంచి ఫ్రేముకు ఇంకొకటి. కొత్త పాయింట్ల ముఖాల మీద కంపెనీ వాళ్లు తుప్పు పట్టకుండా రాసే నూనె పొర అలాగే ఉంది. తుడవకుండానే వేసేశారు. ముఖాలను శుభ్రంగా తుడిచి, తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగాను. మరక రానంతవరకు మళ్లీ మళ్లీ లాగాను.

మళ్లీ కొలిస్తే కాయిల్ మీద 5.9. అమ్మీటర్ ముల్లు మూడున్నర దగ్గర నిలబడింది.

అయినా ఆగింది

లైటు వేసినా ఇంజిన్ తడబడలేదు. ఇక్కడితో పని అయిపోయిందని బండి ఇచ్చేయవచ్చు, చాలామంది ఇచ్చేస్తారు కూడా. కానీ ఫిర్యాదులో వేడి అన్న మాట ఉంది, నేను ఇప్పటిదాకా చేసిన కొలతలన్నీ నీడలో, చల్లటి ఇంజిన్ మీద చేసినవి. వేడిలో వచ్చే జబ్బును వేడిలోనే పట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం, కాయిల్ మీద మీటరు వైర్లు క్లిప్పు చేసి, మీటరు ట్యాంకు మీద కట్టి దేవరకొండ రోడ్డు పట్టాను. సంచిలో టెస్ట్ బల్బు, ఎలక్ట్రోడ్ వంచి సందు పెంచిన పాత ప్లగ్గు ఒకటి, నేను నమ్మిన కండెన్సర్ ఒకటి. దానికి రెండు వైర్లు, మొసలి క్లిప్పులు ముందే పెట్టుకున్నాను.

కనగల్ దాటింది. ఇంకొంత దూరం పోయాక ఇంజిన్ మిస్ కొట్టడం మొదలుపెట్టి ఆగింది. మీటరులో వోల్టులు చెక్కుచెదరలేదు. అంటే దారి బాగుంది, కాయిల్ నిండుతోంది. లోపం ఆపైన.

సందు పెంచిన ప్లగ్గును కాయిల్ నుంచి వచ్చే హెచ్‌టీ వైరుకు తగిలించి హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టాను. రవ్వ వస్తోంది, కానీ పలచగా, పసుపుగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, తాళం వేసి, పాయింట్లను స్క్రూడ్రైవర్ కొనతో విడదీసి చూశాను. ఇక్కడ చూపు చాలా ముఖ్యం. కండెన్సర్ వైరు తెగి లోపల ఓపెన్ అయి ఉంటే పాయింట్లు విడిపోయినప్పుడల్లా వాటి మధ్య లావుగా నీలి మంట లేస్తుంది. ఈ బండిలో మంట పెద్దగా లేదు. మిగిలిన అనుమానం రెండింటి మీద: వేడికి కాయిల్ పడిపోతోందా, లేక కండెన్సర్ వేడికి లోపల లీకవుతోందా.

దీన్ని తేల్చడానికి రోడ్డు మీద రెండు నిమిషాలు పట్టే పరీక్ష ఉంది. నమ్మిన కండెన్సర్‌ను ముందు పాతదాన్ని విప్పకుండానే, కాయిల్ సీబీ టెర్మినల్‌కు (పాయింట్ల వైరు వచ్చే కొన) ఒక క్లిప్పు, ఇంజిన్‌కు ఒక క్లిప్పు పెట్టి పక్కన తగిలించాలి. పాతది ఓపెన్ అయి ఉంటే ఈ పక్కన పెట్టింది దాని పని చేసి రవ్వ బాగవుతుంది. పాతది లీకవుతుంటే పక్కన ఎన్ని పెట్టినా లాభం లేదు, కరెంటు ఆ చిల్లు గుండానే పోతుంది. నేను పెట్టిన తర్వాత రవ్వ మారలేదు. అప్పుడు పాత కండెన్సర్ వైరును పాయింట్ల దగ్గర విప్పేసి, బయట తగిలించినదాన్ని అలాగే ఉంచాను. మళ్లీ కిక్కు. ఈసారి రవ్వ టక్కుమని నీలంగా పడింది. ప్లగ్గు బిగించి కొడితే వేడి ఇంజిన్ మొదటి కిక్కుకే లేచింది. కాయిల్ అదే, పాయింట్లు అవే, ఎండ అదే. మారింది కండెన్సర్ ఒక్కటే. కండెన్సర్ క్లిప్పుల మీదే వేలాడుతుండగా బండిని ఆపకుండా షెడ్డు దాకా నడిపాను.

బండిలో ఉన్న ఆ కండెన్సర్ కొత్తది. పాతది తీసి కొన్నాళ్ల కిందటే వేసినది. కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు.

వైండింగ్ షాపులో మెగ్గర్

షెడ్డుకు వచ్చాక దాన్ని మల్టీమీటరుతో కొలిస్తే 0.21 మైక్రోఫారడ్. ఇలాంటి ఇగ్నిషన్‌కు 0.2 ప్రాంతంలో ఉండాలి, సరిగ్గా ఉంది. ఓమ్స్ మీద పెడితే లీకు లేదు. మల్టీమీటరు లోపలి బ్యాటరీ కొన్ని వోల్టులే ఇస్తుంది. పాయింట్లు విడిపోయినప్పుడు కండెన్సర్ మోయాల్సింది రెండు మూడు వందల వోల్టులు. ఆ ఒత్తిడి పెట్టి చూడాలంటే మెగ్గర్ కావాలి. మన జిల్లాలో ఊరూరా బోరు మోటార్లున్నాయి, ప్రతి మండలంలో వైండింగ్ షాపు ఉంది, ప్రతి షాపులో మెగ్గర్ ఉంది. మోటారు చుట్టిన తర్వాత ఇన్సులేషన్ చూసుకునేది దానితోనే. బండి మెకానిక్‌లు ఆ గుమ్మం ఎక్కరు, ఎక్కితే చాలా ఖర్చు తప్పుతుంది.

తెలిసిన వైండింగ్ షాపులో 250 వోల్టుల రేంజి పెట్టి చూశాం. చల్లగా ఉన్నప్పుడు పదుల మెగాఓమ్స్ చూపించింది. తర్వాత దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, వైరు కొసలు బయటికి ఉంచి, మరిగి కాస్త చల్లారిన నీళ్లలో ముంచాం. ఇంజిన్‌కు ఆనుకుని ఉండే డిస్ట్రిబ్యూటర్‌లో ఎండాకాలం అంతకు తక్కువ వేడేమీ ఉండదు. కొన్ని నిమిషాలకు మీటరు ముల్లు ఊగడం మొదలైంది. తర్వాత ఒక్కసారిగా సున్నాకు పడింది. నీళ్లలోంచి తీసి ఫ్యాను కింద పెడితే మెల్లగా మళ్లీ మెగాఓమ్స్‌లోకి ఎక్కింది. పెద్దాయన కనగల్ దగ్గర చెట్టు కింద అరగంట ఆగినప్పుడు జరిగేది బల్ల మీద కళ్ల ముందు కనిపించింది. (మెగ్గర్ పెట్టిన తర్వాత కండెన్సర్‌ను వైరుతో ఎర్త్ చేసి చార్జి దించాకే ముట్టుకోవాలి, లేకపోతే చెయ్యి జిల్లుమంటుంది.)

రంపపు బ్లేడుతో డబ్బా కోశాను. లోపల చుట్ట వదులుగా ఉంది, డబ్బాకు చుట్టకు మధ్య మైనం గానీ నూనె గానీ ఏమీ లేదు. చుట్ట విప్పుకుంటూ పోతే అంచు దగ్గర సూది మొనంత నల్లటి మచ్చ. ఆ మచ్చ చుట్టూ పొర పసుపెక్కి మెరుస్తోంది. వేడికి పొర మెత్తబడినప్పుడల్లా వోల్టేజీ దూకిన చోటు అది.

కొత్తదాన్ని మళ్లీ డిస్ట్రిబ్యూటర్ లోపల పెట్టలేదు. అంబాసిడర్ కారుకు వేసే రకం, 0.22 ఉన్నది, మంచి కంపెనీది సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించి, మెగ్గర్ కింద చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చూసి, కాయిల్ పక్కనే బిగించాను. సీబీ టెర్మినల్‌కు పొట్టి వైరు, ఒంటికి గట్టి ఎర్త్. అక్కడ గాలి తగులుతుంది, ఇంజిన్ వేడి తగలదు. విద్యుత్తు లెక్కలో కండెన్సర్ పాయింట్లకు సమాంతరంగా ఉంటే చాలు, డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉండాలన్న నియమం లేదు. పాతదనం చెడకూడదని పట్టుబట్టేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. మే నెలలో ఈ రోడ్ల మీద నడవాల్సిన బండికి నేను ఇదే చేస్తాను.

బుష్, టైమింగ్

ఈ పని మధ్యలో బయటపడిన ఇంకో సంగతి. పాయింట్లను విడదీసే డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌ను వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపితే కదులుతోంది. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 0.38కి పెట్టి, క్యామ్‌ను ఒక వైపు నొక్కి కొలిస్తే 0.30, వదిలితే మళ్లీ 0.38. లోపలి బుష్ అరిగింది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు షాఫ్టు ఇలా ఊగుతుంటే గ్యాప్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, దాంతో టైమింగ్ కూడా స్థిరంగా ఉండదు. ఐడిలింగ్‌లో తడబాటు వచ్చేది ఇందువల్లే. షాఫ్టు బాగుంది కాబట్టి లేతు మీద గన్‌మెటల్ బుష్ చేయించి వేయించాం. స్పీడు పెరిగేకొద్దీ రవ్వను ముందుకు జరిపే అడ్వాన్స్ వెయిట్లు, వాటి స్ప్రింగులు కడిగి చుక్క నూనె వేశాను. క్యామ్‌కు ఆనే ఫైబర్ మడమకు పలచగా గ్రీజు. ఇది ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది, గోటి మొన మీద ఆగేంత చాలు.

గ్యాప్ పెట్టాకే టైమింగ్ పెట్టాలి, తిరగేయకూడదు. గ్యాప్ మారితే టైమింగ్ దానంతటదే మారుతుంది: గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందుగా విడిపోతాయి, తగ్గితే ఆలస్యంగా. ఈ బుల్లెట్‌కు అడ్వాన్స్ వెయిట్లు పూర్తిగా ముడుచుకుని ఉన్నప్పుడు, పిస్టన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్లు ముందుండగా పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. చాలామంది సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం పాయింట్ల మధ్య పెట్టి అది వదులయ్యే చోటు చూస్తారు. నేను 6 వోల్టుల చిన్న బల్బును సీబీ టెర్మినల్‌కు, ఎర్త్‌కు మధ్య పెడతాను. పాయింట్లు మూసి ఉంటే ఆరి ఉంటుంది, విడిపోయిన క్షణంలో వెలుగుతుంది. ఇంజిన్‌ను ఎప్పుడూ అది తిరిగే వైపే తిప్పాలి. దాటిపోతే వెనక్కి బాగా తిప్పి మళ్లీ ముందుకు రావాలి, లేకపోతే పళ్ల మధ్య వదులు కొలతలోకి వస్తుంది. అడ్వాన్స్ ఎక్కువ పెడితే బండి కిక్కును వెనక్కి తంతుంది. పెద్దాయన వయసుకు, ఆయన మోకాలికి అది మంచిది కాదు. అందుకని కొలత కంటే ఒక వెంట్రుక కూడా ముందుకు పెట్టలేదు.

మిగిలినవి త్వరగా అయిపోయాయి. ప్లగ్గు క్యాప్‌లోని రెసిస్టర్ 5 వేల ఓమ్స్ ఉండాల్సింది 20 వేలు దాటి ఉంది, మార్చాను. ప్లగ్గు గ్యాప్ 0.5కి పెట్టాను. మామూలు స్పీడులో బ్యాటరీ మీద 6.9 వోల్టులు వస్తున్నాయి, చార్జింగ్ బాగుంది. బ్యాటరీలో నీళ్లు ఒక గదిలో తక్కువుంటే డిస్టిల్డ్ వాటర్ పోశాను.

ఆ తర్వాత మధ్యాహ్నం ఎండలో లైటు వేసి, గుర్రంపోడు దాటి కొండమల్లేపల్లి దాకా ఆగకుండా పోయి వచ్చాను. అక్కడ ఇంజిన్ ఆపి, చల్లారనివ్వకుండా వెంటనే కిక్కు కొట్టి చూశాను, లేచింది. వేడి డిస్ట్రిబ్యూటర్‌తోనే మళ్లీ వోల్టేజీ డ్రాప్ కొలిస్తే మొత్తం దారిలో 0.2 దాటలేదు.

పెద్దాయన బండి తీసుకునేటప్పుడు కోసిన కండెన్సర్, 12 వోల్టుల కాయిల్ రెండూ ఆయన చేతిలో పెట్టాను. కాయిల్ మీద పెయింటుతో "12" అని రాసిచ్చాను, మళ్లీ ఎవరూ ఈ బండికి వేయకుండా. రెండు సంగతులు చెప్పాను. తాళం వేయగానే ముల్లు చూడు కాకా, పాయింట్లు మూసుకున్నప్పుడు మూడుకు తగ్గి వాలితే బండి ఆగేదాకా చూడకుండా నా దగ్గరికి రా. కొత్త పాయింట్ల ఫైబర్ మడమ మొదట్లో తొందరగా అరుగుతుంది కాబట్టి ఐదు వందల కిలోమీటర్లకు ఒకసారి గ్యాప్ చూపించు. నేను చెప్పిన దూరానికే ఆయన వచ్చాడు. గ్యాప్ 0.34కు దిగి ఉంది. 0.38కి పెట్టి, టైమింగ్ మళ్లీ బల్బుతో చూసి పంపాను.